నాలుగో గడి

యంత్రం నాలుగు సంగతులు అడుగుతుంది.
వయసు. ఎత్తు. ఆడా, మగా.
నాలుగోది జాతి.
అది మాత్రం నేనెవరినీ అడగను,
తలెత్తి ఒక్క చూపు చూసి నొక్కేస్తాను.
పంతొమ్మిదేళ్లుగా ఇదే పని,
సంతలో గొర్రెను పట్టి పళ్లు చూసినట్టు.

ప్రీస్కా ఆసుపత్రిలో వెనకవైపు గది.
కిటికీ అవతల ఆరెంజ్ నది.
పేరే గానీ నారింజ రంగు కాదు, బురద రంగు.
పేరొకటి, రంగొకటి.
మా ఊళ్లో దాన్నెవరూ వింతగా అనుకోరు.

ఆ బుధవారం ఒకే పాత బండిలో
ఇద్దరు ముసలివాళ్లు దిగారు.
యాఫ్తా బ్యూకస్, ఫ్లోరిస్ బ్యూకస్.
ఒక తల్లి కొడుకులు, ఏడాదే ఎడం.
చిన్నప్పుడు వాళ్ల వాకిట్లో ఒక ఆఫీసరు
బల్ల వేయించుకుని కూర్చున్నాడట.
లేచి వెళ్లేసరికి
అన్న ఒక కార్డు, తమ్ముడు ఒక కార్డు.
అన్నకి నీలిరాతి గనిలో గోనెసంచుల మోత,
తమ్ముడికి అదే మిల్లులో తూకం గుమాస్తా కుర్చీ.

గొట్టం నోట పెట్టుకోండి.
గుండెల నిండా పీల్చండి.
ఊదండి, ఊదండి, ఊదండి,
ఇంకా ఉంది, ఆపకండి, అడుగంటా ఊదండి!
ఇద్దరూ ఊదారు.
ఇద్దరికీ రెండు లీటర్ల చిల్లర,
చెంచాడు గాలి అటూ ఇటూ.

కాగితాలు రెండూ బయటికొచ్చాయి.
తమ్ముడికి ఉండాల్సినదాంట్లో నూటికి అరవై ఒకటి.
పరిహారం ఫారం మీద ముద్ర పడుతుంది.
అన్నకి డెబ్బై.
పడదు.

యంత్రం లెక్కలో
అన్నకి పుట్టుకతోనే ఊపిరి తక్కువ.
తక్కువలోంచి పోయింది తక్కువే కదా!
ఎప్పుడో ఎవరో బానిసల రొమ్ములు కొలిచి
పుస్తకంలో రాసిన మాట
బొత్తాం అయి నా వేలి కింద కూర్చుంది.

"మా ఇద్దరినీ కన్న కడుపు ఒకటే" అన్నాడు యాఫ్తా,
"నాకే తక్కువ ఎందుకొచ్చింది?"

అందరి రక్తమూ ఎరుపే, తాతా, అనబోయాను.
"రక్తం సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఊపిరి సంగతి చెప్పు" అన్నాడు.

ఏం చెప్పను?
జాతన్నది ఒట్టి కాగితం మీది గీత అందామంటే
ఆ గీత ఒట్టి కాగితం మీదే ఉండిపోలేదు.
మిల్లుకి గాలివాటున ఆయన కార్డు వాళ్ల పేట,
గాలికి ఎదురువైపు తమ్ముడి కార్డు వాళ్ల వీధి.
పిల్లలు నీలి దుమ్ముకుప్పల మీంచి జారుతూ ఆడారు,
తల్లులు ఆరేసిన దుప్పట్లు దులిపారు.
సిరా ముందు, దుమ్ము తర్వాత.
ఎవడో గీసిన గీత
ముక్కులోంచి దిగి ఎక్స్‌రేలో తేలింది.
ఇప్పుడు డాక్టర్లు దాన్నే చూపించి
చూశారా, ఒంట్లోనే ఉంది తేడా, అంటారు.

నాలుగో గడి ఖాళీగా వదిలి చూశాను.
యంత్రం కదల్లేదు, కీచుమంది.
తలుపు వైపు ఒకసారి చూసి
తమ్ముడికి నొక్కిందే అన్నకీ నొక్కాను.
అరవై ఒకటి.

ఇది దొంగ రాతా?
అయితే మొదటిదేమిటి?

యాఫ్తా కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.
నవ్వాడు. నవ్వు దగ్గయింది,
దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.
"ఈ ఒక్క మాట మార్చమని
మా అమ్మ ఆఫీసరు బూట్లు పట్టుకుంది.
రెండు కోళ్లు కూడా ఇచ్చింది.
నువ్వు ఒక్క వేలితో చేశావు."
ఫ్లోరిస్ అటు తిరిగి
టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.
ఆ కోళ్లు ఎవరు తిన్నారో నేనడగలేదు.

తర్వాతి మనిషి వచ్చాడు.
వయసు అడిగాను, ఎత్తు కొలిచాను.
తలెత్తి చూడబోయి, చూపు దించుకుని అడిగాను:
"మీ ఇల్లు మిల్లుకి ఏ వైపు ఉండేది?"

ఆయన చెబుతూనే ఉన్నాడు.
రాసుకోవడానికి
యంత్రంలో గడి లేదు.